రేకు లేని గోళీలు

నేను ఆర్‌ఎంపీని. మా ఊళ్ళో డాక్టరు సారుని, చండ్రుగొండ దాటితే గోపాలుని, ఖమ్మంలో పెద్ద డాక్టర్ల గదుల్లో అయితే పేషెంటు వెంట వచ్చిన మనిషిని. ఈ ముగ్గురూ ఒక్క ఒంట్లోనే కాపురం చేస్తున్నా, రెండువేల ఆరు వేసవి దాకా వాళ్ళ మధ్య తగువు రాలేదు.

ఆ ఏడు ఊరూరా కీళ్ళ జ్వరం. దాని పేరు చికున్‌గున్యా అని పేపర్లో చూసి నేర్చుకున్నాం. ముసలీ పడుచూ తేడా లేకుండా మంచాలకు అతుక్కుపోయారు. నా మోపెడ్ రోజుకు మూడు ఊళ్ళు తిరిగేది. అన్నం తినడానికి తీరిక లేదని అందరితో చెప్పుకుంటూ లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి. అలాంటి రోజుల్లో, మార్చి నెలలో, మా వదిన కొండమ్మను తీసుకుని నేనూ మా అన్న సమ్మయ్యా ఖమ్మం వెళ్ళాం.

అంతకు ముందటేడు జనవరిలో మిరప తోటలో కాలువ దాటబోయి జారిపడితే వదినకు కుడి తుంటి విరిగింది. అన్నది బొగ్గుగనిలో ఉద్యోగం కాబట్టి ఆమెను హైదరాబాదు పంపించారు. అక్కడ విరిగిన ఎముక తీసేసి స్టీలు కీలు వేశారు. గాయం చక్కగా మానింది. నెల తిరగకుండానే వాకిట్లో నడిచింది. రెండో నెల దాటాక నొప్పి అనడం మొదలుపెట్టింది, ఇక ఆపలేదు. రెండుసార్లు ఎక్స్‌రే తీయించాం. కీలు పెట్టినచోట పెట్టినట్టే ఉందన్నారు.

ఖమ్మంలో ఎముకల డాక్టరు వెంకటరామారావు గారు నెమ్మదైన మనిషి, మాటలో కోస్తా యాస. వదిన కాలు మడిచి, తిప్పి, తుంటి మీది మచ్చను వేలితో తడిమి చూశారు.

"ఎప్పుడు ఎక్కువగా ఉంటుందమ్మా నొప్పి? నడిచినప్పుడా?"

"నడిస్తేనే అయితే నడవకుంట ఉందు సారూ. కూసున్నా ఉంటది, పండుకున్నా ఉంటది. లోపల సలుపు."

ఆయన కుర్చీలో వెనక్కి జరిగారు. "నడిస్తే నొప్పి అంటే కీలు వదులైందేమో అనుకోవచ్చు. కదలకుండా పడుకున్నా సలుపుతుందంటే లోపల క్రిమి చేరిందేమో చూడాలి. చీము బయటికి కనపడక్కర్లేదు. జ్వరం రాకపోవచ్చు, ఎక్స్‌రేలోనూ తెలియకపోవచ్చు. రక్తపరీక్షలో కొంచెం ఎక్కువ చూపిస్తోంది గాని, ఈ కీళ్ళ జ్వరాల్లో ఎవరి రక్తం చూసినా ఎక్కువే ఉంది. కీలులోకి సన్న సూది పంపి నీళ్ళు తీసి, ల్యాబులో ఏమైనా పెరుగుతుందేమో చూద్దాం." తర్వాత నా వైపు తిరిగారు. "ఈమధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా? ఏ మందైనా సరే."

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. మేము గోళీలను రేకుతో ఇవ్వం. రేకు చింపి, గోళీలు బయటికి తీసి, పాత నోటుబుక్కు కాగితంలో పొట్లం కట్టి ఇస్తాం. తెల్లది పొద్దున, ఎర్రది మాపు, రెండు రంగుల కాప్సూలు రెండు పూటలా. పేరు తెలిస్తే జనం మెడికల్ షాపుకే పోయి తెచ్చుకుంటారు, మా గడప తొక్కరు. నాకు పని నేర్పిన కాంపౌండరు నేర్పిన మొదటి పాఠం అదే. అందుకే మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవర్ని ఏం మందు వాడావని అడిగినా రంగే చెప్తారు.

వదినకు నేను ఏడాదిగా నెలకొకసారి రెండు రంగుల కాప్సూళ్ళు, అవే యాంటీబయాటిక్స్, ఐదు రోజులు ఇస్తున్నాను. అవి వేసుకుంటే ఆమెకు తెరిపిగా ఉండేది. నొప్పి గోళీలు కడుపులో మంట పెడుతున్నాయని అంతకు ముందే మానేసింది. చివరి పొట్లం అయిపోయి అప్పటికి నాలుగు రోజులే అయింది.

చెప్పొచ్చు. నోరు తెరిస్తే అయిపోయేది. కాని ఆ వారమే పేపర్లో నకిలీ వైద్యుల మీద దాడులని పెద్ద అక్షరాలతో వేశారు. పైగా లోపలికి రాగానే ఆయన మీరేం చేస్తారని అడిగితే వ్యవసాయమని చెప్పి కూర్చున్నాను.

"లేదు సార్," అన్నాను.

"మీరు ఏమైనా వేసుకున్నారామ్మా?"

వదిన ఒక్క క్షణం నా ముఖం చూసింది. "లేదు సారూ," అంది.

ఆ రోజే సూదితో నీళ్ళు తీశారు. రెండు వారాల తర్వాత రిపోర్టు వచ్చింది. ఏమీ పెరగలేదు. డాక్టరు గారు దాన్ని రెండుసార్లు చదివారు. "మందులు వాడుతూ తీస్తే క్రిమి ఉన్నా దొరకదు, పరీక్షే మనల్ని మోసం చేస్తుంది. మీరేమీ వాడలేదన్నారు కాబట్టి దీన్ని నమ్మొచ్చు," అన్నారు. ఒకసారి పడ్డ మనిషికి భయం ఉంటుందనీ, భయం కూడా నొప్పిలాగే ఉంటుందనీ, చేతికర్ర మెల్లగా మాన్పించి నడిపించమనీ చెప్పారు.

ఆ మాటతో నాకు అంతా అర్థమైంది. తెలియక చేశానని చెప్పుకునే వీలు ఆ నిమిషంతో పోయింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. బయటికి వచ్చాక బస్టాండులో వదినకు చెరుకురసం ఇప్పించాను. వద్దన్నా ఇంకో గ్లాసు ఇప్పించాను.

డాక్టరు గారు మెల్లగా మాన్పించమన్న కర్రను మా అన్న మర్నాడే దాచేశాడు.

అన్న చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళు భూమిలోకి దిగి ఎక్కిన మనిషి, కాగితం మీద రాసింది చేయడమే తెలుసు. వదిన కర్ర కోసం వెతుక్కుంటుంటే మంచం మీద కూర్చుని అడిగాడు.

"ఎక్స్‌రేల లేదు. రక్తంల లేదు. నీళ్ళల్ల లేదు. ఇగ యాడున్నదే నీ నొప్పి?"

"నా కాల్ల ఉన్నది."

"అంత సదువుకున్న డాక్టరు లేదంటుండు. నువ్వు ఉన్నదంటున్నవ్. నేనెవరిని నమ్మాలె?"

వదిన గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళింది. ఎనిమిది అడుగుల దూరం. మధ్యలో రెండుసార్లు ఆగింది. నేను వసారాలో సూదులు ఉడకబెట్టుకుంటూ చూశాను. రెండిళ్ళకూ వసారా ఒకటే. చూడకుండా ఉండాలంటే ఊరు విడిచిపోవాలి.

ఏప్రిల్ ఆఖరుకు బీడీలు చుట్టే తునికాకు కోత మొదలైంది. మా వైపు ఆ మూడు వారాలు ఇళ్ళల్లో ఎవరూ ఉండరు. కోడి కూసేసరికి ఆడవాళ్ళు అడవిలో ఉంటారు, ఎండెక్కేసరికి మూటలతో తిరిగొచ్చి నీడన కూర్చుని యాభై ఆకులకొక కట్ట కడతారు, సాయంత్రం కల్లంలో అప్పజెప్తారు. కట్ట కట్టడంలో వదినను మించినవాళ్ళు లేరు. ఆకు లెక్కపెట్టదు, చేత్తో పట్టుకుంటే యాభై. ఆ ఏడు కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఆకు పోయించుకుని, వాళ్ళ మూటలకే కట్టలు కట్టి పెట్టేది. ఒకరోజు ఆమె వినేట్టుగానే ఎవరో అన్నారు, కట్టలు కట్టేటందుకు లేని నొప్పి అడివికి పోయేటందుకే వస్తదా అని. మిగతావాళ్ళు నవ్వారు. వదిన తల ఎత్తకుండా కట్ట బిగించింది.

నేను మాత్రం ఆమెకు కాప్సూళ్ళు ఇవ్వడం ఆపలేదు. ఇవ్వకపోతే నొప్పి. ఇస్తే తెరిపి, తెరిపి వస్తే అన్నకు అనుమానం. ఇస్తూనే ఉన్నాను. డాక్టరు దగ్గరికి మళ్ళీ పోదామా అని రోజూ అనుకునేవాణ్ణి. రోజూ ఏదో ఒక ఊరినుంచి కబురొచ్చేది. నాకూ కావాల్సింది అదే.

ఆకు కాలంలో జనం ఎక్కడుంటే మేమూ అక్కడే. మే మొదట్లో సంచి సర్దుకుని లోపలి ఊళ్ళకు వెళ్ళాను. వదినకు మూడు రోజులకు సరిపడా పొట్లం ఇచ్చి, వారంలో వస్తానన్నాను. ఎండదెబ్బలు, విరోచనాలు, ఎలుగు తరిమితే పడి కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళు. పన్నెండు రోజులు పట్టింది.

తిరిగి వచ్చేసరికి నా భార్య శ్యామల వాకిట్లోనే ఎదురైంది.

"అక్కకు జరం. నాలుగు రోజులాయె అన్నం సరిగ తినక. బావకు చెప్తే ఇనడు. నాటకం అంటుండు."

వదిన పడుకుని ఉంది. తుంటి మీద చెయ్యి వేస్తే, పక్కన ఇంకోచోట వేసినదానికంటే వేడిగా తగిలింది. మచ్చ చుట్టూ కాస్త వాచింది. ఆ చెయ్యి తీయాలనిపించలేదు. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోస్తే ఈమే ఇరవై రోజులు నా మంచం కాడ కూర్చుంది. అప్పటికి ఆమె కాపురానికొచ్చి ఏడాది కాలేదు.

నేనేం చేశాననుకున్నారు? అలవాటు పడ్డ చెయ్యి. సంచి తెరిచి సూదిమందు నింపాను. రోజుకు రెండు, మూడు రోజులు. నొప్పి మందు చుక్క కూడా లేదు, చీముకు ఇచ్చే మందొక్కటే.

మూడో రోజు మధ్యాహ్నం వదిన తనంతట తాను లేచి, గోడ పట్టుకోకుండా, వాకిట్లో తొట్టి దాకా వెళ్ళి ముఖం కడుక్కుంది. కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ ఎండలోకి చూసి నవ్వింది.

అన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చి టిఫిన్ డబ్బా పక్కన పెట్టాడు. ఆమెను చూశాడు, నన్ను చూశాడు.

"చూసినవా తమ్మీ? కట్టె తీసేస్తే నడుస్తదని నేను చెప్పలె? ఇన్ని రోజులు మనల్ని ఎంత తిప్పలు పెట్టింది ఈ మనిషి."

వదిన ముఖంలో నవ్వు పోయింది. తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. ఆమెకూ అర్థం కాలేదు తన కాలు ఎందుకు బాగైందో. బాగైనందుకు కూడా మాట పడాల్సి వచ్చింది.

"అన్నా, రేపు ఖమ్మం పోదాం," అన్నాను.

"ఎందుకు? నడుస్తుంది గద."

"నడుస్తుంది కాబట్టే."

అన్నకు ఏమీ బోధపడలేదు. అయినా కిరాయి జీపు మాట్లాడాడు.

డాక్టరు గారు వదినను పరీక్ష చేసి, వాపు చూసి, మొహం చిట్లించారు. మధ్యలో ఏం జరిగిందని అడిగారు. జేబులోంచి పొట్లం తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఇవి ఇచ్చిన సార్. ఏడాది నుంచి. మొన్న నీళ్ళు తీసేటప్పటికి నాలుగు రోజుల ముందుదాకా ఇచ్చిన. ఇప్పుడు మూడు రోజులు సూది కూడా ఇచ్చిన."

ఆయన పొట్లం విప్పి కాప్సూలును అరచేతిలోకి తీసుకున్నారు. "పేరేది దీనికి?"

"రేకు చింపి ఇస్తం సార్."

"ఎందుకు?"

"పేరు తెలిస్తే మా కాడికి రారు."

"మీరు వ్యవసాయం అన్నారు."

"అబద్ధం చెప్పిన."

అన్న నా పక్కనే కూర్చున్నాడు. మోకాళ్ళ మీద పెట్టుకున్న ఆయన చేతులు నాకు కనిపిస్తున్నాయి, ముఖం చూసే ధైర్యం చేయలేదు. తిడతారనుకున్న డాక్టరు గారు తిట్టలేదు. కాగితం ముందుకు తోసి, ఏ మందు, ఎంత మోతాదు, ఏ తేదీల్లో ఇచ్చారో గుర్తున్నంతవరకూ రాయమన్నారు. రెండు పేజీలు వచ్చాయి.

రాస్తుండగానే ఆయన అన్నకు వివరించారు. "స్టీలులో రక్తం పారదు. రక్తం లేనిచోటికి మన ఒంటి కాపలా వెళ్ళలేదు. అక్కడ చేరిన క్రిమి పైన ఒక జిగురు పొర కట్టుకుంటుంది, బావి రాళ్ళకు పాచి పట్టినట్టు. ఈ మందులు నీళ్ళలో తేలేవాటిని చంపుతాయి, అందుకే ఆమెకు తెరిపి. రాయికి పట్టుకున్నవి బతికే ఉంటాయి. మందు ఆపగానే మళ్ళీ లేస్తాయి. ఆ తెరిపిలో మనం నీళ్ళు తీశాం. ఏమీ దొరకలేదు."

"అంటే దానికి నొప్పి ఉన్నట్టేనా సార్?" అన్నాడు అన్న.

"ఉందనే నా అనుమానం. తేల్చుకోవాలి. ఇప్పుడు తీస్తే మళ్ళీ అదే అబద్ధం వస్తుంది. పద్నాలుగు రోజులు ఒక్క యాంటీబయాటిక్ కూడా ఒంట్లోకి వెళ్ళకూడదు. అప్పుడు తీద్దాం. ఏ క్రిమో తెలియకుండా కీలు మారిస్తే కొత్తది కూడా పాడవుతుంది, కాలు పనికిరాకుండా పోతుంది." తర్వాత నాతో అన్నారు. "నొప్పి ఓర్చుకోలేకపోతే పారాసిటమాల్ ఇవ్వండి, అంతే. జ్వరం నూట రెండు దాటినా, మాట తేడాగా వచ్చినా, ఆ గంటలోనే బయల్దేరి రండి. ఈసారి నాకు నిజం కావాలి."

ఇల్లు చేరాక అన్న అటకెక్కి, కర్ర దించి, దాని మీది దుమ్ము తన తువ్వాలుతో తుడిచి, వదిన మంచం కోడుకు ఆనించాడు. నాతో ఆ రోజు నుంచి మాట మానేశాడు. ఆయన మాట్లాడితే భరించడం కష్టమయ్యేది, మాట్లాడకపోతే ఇంకా కష్టమైంది.

ఆ పద్నాలుగు రోజులు నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క వైద్యం. ఇంకో రకంగా చెప్పాలంటే ఏమీ చేయకుండా కూర్చోవడం. నాకది చేతకాదు. పదిహేడేళ్ళుగా నొప్పి అన్నవాళ్ళకల్లా ఏదో ఒకటి ఇచ్చి పంపాను. ఏమీ ఇవ్వని డాక్టరును మా ఊళ్ళో డాక్టరనరు. మొదటి రోజే సంచి తీసుకుపోయి శ్యామలకిచ్చి, పెట్టెలో పెట్టి తాళం వెయ్యమన్నాను.

"మీమీద మీకే నమ్మకం లేదా?" అంది.

"లేదు," అన్నాను.

ఐదో రోజుదాకా బాగానే ఉంది. ఆరో రోజు సలుపు మొదలైంది. రోహిణి కార్తె, రేకుల ఇల్లు, పగలంతా నిప్పుల కొలిమి. శ్యామల తడిగుడ్డలు కిటికీలకు కట్టేది. అన్న సెలవు పెట్టి, విసనకర్ర పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. నేను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం జ్వరం చూసి రాసిపెట్టేవాణ్ణి. తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిదిన్నర. నూరు.

తొమ్మిదో రోజు అన్న స్నానానికి వెళ్ళినప్పుడు వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటియ్యి గోపాలు. ఆ రెండు రంగులది. ఒక్క పూట కన్నంటుతది."

"ఇయ్యొద్దన్నడు వదినె."

"నేనెవ్వరికీ చెప్ప."

చెప్పదు. ఆమె చెప్పదని నాకు తెలుసు.

"ఆ రోజు ఎందుకు చెప్పలె వదినె? డాక్టరు నిన్ను గూడ అడిగిండు గద."

"నువ్వు లేదంటివి. నువ్వు లేదన్నంక నేను ఉన్నదంటే నీ మొకం ఏడ పెట్టుకుంటవ్?"

"అన్న అన్ని మాటలన్నంక గూడ చెప్పలె."

"ఎట్ల చెప్త? మాట ఇచ్చినట్టే గద అది."

నేను లేచి బయటికి వచ్చి, వసారాలో గోడకు ముఖం పెట్టి ఏడ్చాను. ఆ మాటతో ఆమె నన్ను క్షమించేసిందని అనుకున్నాను. ఏడుపులో సగం బాధ, సగం ఆ తేలిక. కాప్సూలు మాత్రం ఇవ్వలేదు.

పదకొండో రోజు జ్వరం నూట ఒకటిన్నర చూపించింది. జీపు తెప్పించి వాకిట్లో నిలబెట్టాం. డ్రైవరు చెట్టు కింద బీడీలు కాలుస్తూ కూర్చున్నాడు. గంటకొకసారి చూశాను. సాయంత్రానికి నూరుకు దిగింది. అన్న విసనకర్ర ఆపకుండా ఆమె ముఖం వంకే చూస్తూ ఉన్నాడు. నా తిక్క కుదిరింది అనే మాట చాలామంది ఊరికే అంటారు. నాకు ఆ రోజు కుదిరింది.

పద్నాలుగు రోజులు నిండాక ఖమ్మం తీసుకెళ్ళాం. ఈసారి డాక్టరు గారు నన్ను కూడా గదిలో ఉండనిచ్చారు. తెర మీద కీలు నీడ కనిపిస్తుంటే పొడుగాటి సూదిని మెల్లగా దింపారు. పల్చటి, మబ్బు రంగు నీళ్ళు వచ్చాయి. మూడు సీసాల్లోకి పంచారు.

"మూడెందుకు సార్?"

"ఒక్కదాంట్లో పెరిగితే నా చేతిదో, ఆమె చర్మం మీదిదో అనుకోవాలి. ఒకటికంటే ఎక్కువ సీసాల్లో అదే క్రిమి పెరిగితే లోపలిదే. ఇవి నెమ్మదిగా పెరిగే రకాలు. రెండు రోజులు చూసి పారేయొద్దని, రెండు వారాలు ఉంచమని ల్యాబుకు రాస్తున్నాను."

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. సూది పడ్డాక నొప్పికి కాస్త గట్టి మందు ఇవ్వొచ్చన్నారు గాని వదిన కడుపు దాన్ని ఓర్వలేదు. రెండో రోజు ఫోన్ చేస్తే ఏమీ లేదన్నారు. ఐదో రోజూ ఏమీ లేదు. అన్న నాతో మాట్లాడడు గాని, నేను ఫోను పెట్టేసిన ప్రతిసారీ ఎదురుగా వచ్చి నిలబడేవాడు. నేను తల అడ్డంగా ఊపితే వెళ్ళిపోయేవాడు. ఏడో రోజు వదిన అడిగింది, ఈసారి గూడ లేదంటే ఏం చేద్దామని. ఒక మనిషి ఒంట్లో రోగం దొరకాలని ముగ్గురం దేవుళ్ళకు మొక్కుకున్నాం. మా ఇంట్లో అలాంటి మొక్కు అంతకు ముందు లేదు.

తొమ్మిదో రోజు మిరుగు కార్తె. పొద్దుటి నుంచి ఆకాశం మబ్బు పట్టి ఉంది. డాక్టరు గారే ఫోన్ చేశారు. సాయంత్రం బస్సుకు రిపోర్టు పంపిస్తే చండ్రుగొండ పోయి తెచ్చాను. తొలి చినుకులు పడుతున్నాయి. వదిన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. అన్న గుమ్మంలో నిలబడ్డాడు, శ్యామల తలుపు పక్కన.

"సదువు," అంది వదిన.

చదివాను. స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్. మూడు సీసాల్లో రెండింటిలో పెరిగింది. ఏ మందులకు లొంగుతుందో కింద రాశారు. నేను ఏడాదిగా ఇచ్చిన కాప్సూలు పేరు లొంగనివాటి వరుసలో ఉంది. మొదట్లో లొంగిన క్రిమిని విడతలు విడతలుగా ఇచ్చి నేనే మొండిగా మార్చాను.

"మల్ల సదువు."

మళ్ళీ చదివాను. పేరు ఆమెకు పలకడానికి రాలేదు, పెదవులు మాత్రం కదిలించింది.

"ఎప్పటిసంది ఉన్నదట?"

"ఆపరేషన్ అప్పుడే సొచ్చి ఉంటదన్నడు."

"అంటే ఉన్నదన్నట్టే."

"ఉన్నది వదినె."

ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంత నొప్పిలోనూ ఏడవని మనిషి, రోగముందని తెలిసి ఏడ్చింది. శ్యామల వెళ్ళి పక్కన కూర్చుని వీపు నిమిరింది. స్టీలు కీలు తీసేయాలనీ, దాని జాగాలో మందు కలిపిన సిమెంటు ముద్ద పెడతారనీ, రెండు నెలలు కాలు కింద మోపకూడదనీ, లోపల శుభ్రమైందని తేలాకే కొత్త కీలు వేస్తారనీ, ఆ కాలు ఇక మునుపటంత బలంగా ఉండకపోవచ్చనీ ఫోన్లో విన్నదంతా చెప్పాను. ఒక్కటి కూడా దాచలేదు.

"తియ్యనీ," అంది ముఖం తుడుచుకుని. "కాలు మొత్తం తియ్యమన్నా తీపిచ్చుకుంట. నేను అబద్ధమాడలేదని తేలింది, సాలు."

అన్న గుమ్మం దిగి వచ్చి, మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆమె ముందు నేల మీద కూర్చోవడం నేను చూడలేదు.

"గోడ పట్టుకొని నడుస్తుంటే చూసుకుంట కూసున్న కొండమ్మా," అన్నాడు. "కట్టె నేనే దాసిన. నాటకమన్న. పది మందిల అన్న."

వదిన చెయ్యి చాచి ఆయన తల మీద పెట్టింది.

"నువ్వు తెల్వక చేసినవ్. తెల్వక చేసినోన్ని ఏమంటరు?"

వదిన నా వైపు చూడలేదు. నేను రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, తెల్లారి ఖమ్మం పోవడానికి జీపు మాట్లాడాలని వానలోకి దిగాను.